మేమూ పని చేసే పెరిగాము

మసీదు వరండాలో కూర్చున్నా, పెళ్లి పందిట్లో నిలబడినా మా వయసువారి నోట తరచుగా ఒక మాట వినిపిస్తుంది. "మేమూ చిన్నప్పుడు పని చేసే పెరిగాము, ఏం చెడిపోయాము?" ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో బడి మానేసిన పిల్లవాడిని ఏదో ఒక షెడ్డులో చేర్చే ముందు ఈ మాట అనడం రివాజైపోయింది. మేమూ అన్నాము. ఆ మాట ఎంతవరకు నిజమో ఇప్పుడు చెప్పవలసిన బాధ్యతా మాదే.

మా అబ్బాజాన్ చిత్తూరులో కళాయి పని చేసేవారు. స్టీలు పాత్రలు ఇంటింటికీ రాని రోజులవి. ఇత్తడి, రాగి పాత్రలకు లోపల కళాయి లేకపోతే చింతపండు పులుసు చిలుమెక్కి చెడిపోయేది. వేసవి సెలవుల్లో ఆయన మమ్మల్ని వెంటబెట్టుకుని తిరుపతి వెళ్లేవారు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల వీధులలో ఒక చెట్టు కింద నేలలో గుంట తవ్వి, బొగ్గులు పోసి నిప్పు రాజేసేవారు. తిత్తి ఊదడం మా వంతు. పాత్ర కాగగానే ఆయన నవాసారం చల్లేవారు, తెల్లటి పొగ లేచి కళ్లు మండేవి. తగరం కడ్డీ తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పితే పాత్ర లోపలంతా వెండిలా మెరిసేది. అరుగు మీదికి పాత్రలు తెచ్చి ఇచ్చిన ఇల్లాళ్లు, వాటిని తిరిగి లోపలికి తీసుకుపోయే ముందు చింతపండుతో కడుక్కునేవారు. ఆ కడగడం దేనికో మాకు చాలా ఏళ్ల తరువాత గాని అర్థం కాలేదు. అబ్బాజాన్‌కు అప్పుడే తెలుసు. అయినా మరుసటి ఏడు ఆ ఇళ్లవారే ఆయన కోసం కబురు పెట్టేవారు.

అందుకు కారణం ఉంది. తగరం ఖరీదైనది, సీసం చవక. రెండూ కలిపి పూస్తే ఆ పూట చూసేవారికి తేడా తెలియదు. మా పన్నెండో ఏటనో పదమూడో ఏటనో, పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పనివాడు అట్లా కలుపుతుండగా చూసి, మనమూ కొంచెం కలిపితే నాలుగు రూపాయలు మిగులుతాయి కదా అని ఆయనతో అన్నాము. ఆయన కోప్పడలేదు. "దాంట్లో వండింది బిడ్డలు తింటారురా" అని మాత్రం అన్నారు. తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చున్న కాలమంతా ఆ మాట మా వెంట నడిచింది. కనుక చిన్ననాటి పని మాకు ఏమీ నేర్పలేదని మేము అనబోవడం లేదు.

అయితే ఆ పని చుట్టూ ఆయన ఒక గిరి గీశారు. బడి గంట కొట్టే వేళకు మా చేతిలో తిత్తి ఉండకూడదు. వేలిముద్ర వేసే మనిషి పెట్టిన నియమమది. మా తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షల వారంలో ఒక పెళ్లివారి ఇంటి నుంచి గంగాళాలు, అండాలు, బిందెలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మేము పుస్తకం మూసి లేవబోతే ఆయన కూర్చోమన్నారు. ఎడమ చేత్తో తిత్తి ఊదుతూ, కుడి చేత్తో పాత్ర తిప్పుతూ రెండు రోజులు ఒంటరిగా చేశారు. అరచేయి కాలింది. పరీక్షలు ముగిసేదాకా ఆ చేతికి గుడ్డ చుట్టుకుని అన్నం తిన్నారే గాని కారణం చెప్పలేదు.

ఇంకొక సంగతి కూడా ఈ సందర్భంలో దాచకూడదు. మా ఆపా ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఒక టైలరు పంపిన చొక్కాలకు ఇంట్లో కూర్చుని కాజాలు, గుండీలు కుట్టేది. మా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే కట్టారు. "మేము పని చేసే పెరిగాము" అని చెప్పుకునే మగపిల్లల కథల్లో ఆపాల పని ఎక్కడా లెక్కకు రాదు. ఆమెకు బడి గంట నియమం ఎవరూ పెట్టలేదు. అబ్బాజాన్ కూడా పెట్టలేదు.

స్టీలు వచ్చింది, కళాయి పోయింది. జీవితాంతం అన్నం పెడుతుందనుకున్న ఆ చేతిపని మా కళ్ల ముందే పనికిరాకుండా పోయింది. మాకు అన్నం పెట్టింది పదో తరగతి, ఆపైన డిగ్రీ, గుమాస్తా ఉద్యోగం. ఈ సంగతి తెలిసి కూడా మేము చేసిన తప్పు ఒకటుంది.

పదిహేనేళ్ల కిందట భర్త పోయిన ఒక తల్లి, ఆరో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "భాయ్, వీడికేదైనా దారి చూపండి" అన్నది. మేమే ఆ అబ్బాయిని ద్విచక్ర వాహనాల షెడ్డుకు తీసుకుపోయి అప్పగించాము. చేతిపని ఉంటే అన్నం ఉంటుందని ఆమెకు ధైర్యం చెప్పాము. అబ్బాజాన్ గీసిన గిరి ఆ రోజు మాకు గుర్తు రాలేదు. ఇప్పుడతడు మంచి మెకానిక్కు. అయితే రోడ్ల మీద బ్యాటరీ బండ్లు పెరుగుతున్నాయి. వాటి పని నేర్చుకుందామని వెళ్తే శిక్షణకు పదో తరగతి సర్టిఫికెట్ అడిగారట. "ఆ రోజు మీరు బడికి పంపి ఉంటే" అని అతడు అనలేదు. అనకపోవడమే మాకు బరువుగా ఉంది.

2006లో సచార్ కమిటీ నివేదిక ఈ సంగతినే దేశమంతటికీ చెప్పింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. మరుసటి ఏడు మన రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దాని కోసం కోర్టుల్లో పోరాటం నేటికీ సాగుతున్నది, సాగవలసిందే. కాని ఏడో తరగతిలో ఆగిపోయిన పిల్లవాడికి ఆ 4 శాతం ఏ తలుపు తెరుస్తుంది? 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. ఉచిత విద్య హక్కు ఉన్నది కనుక అవసరం లేదన్నారు. ఫీజు లేకపోయినా బస్సు చార్జీ, బూట్లు, తల్లి కోల్పోయే కూలి ఉంటాయి కదా. దానిపై మనం నిలదీయాలి. నిలదీసే ముందు మన ఇంటి గడప కూడా చూసుకోవాలి.

2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. అయితే బడి వేళలు ముగిశాక, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత కుటుంబ పనిలో సాయపడడానికి వీలున్నది. చదువుకోని అబ్బాజాన్ నియమానికి చట్టం ఇంత దగ్గరగా రావడం చూసి మేము ఆశ్చర్యపోయాము. అయితే ఇప్పటి లెక్కన కళాయి పొగ దగ్గరికి పిల్లలను రానివ్వకూడదు, అదీ న్యాయమే.

ప్రవక్త (స) బాల్యంలో గొర్రెలు కాశారు కదా అని కొందరు పెద్దలు మాతో వాదిస్తారు. నిజమే, శ్రమలో అవమానం లేదు. ఆయనే బద్ర్ ఖైదీలలో అక్షరం తెలిసినవారికి, పదేసి మంది పిల్లలకు చదువు చెప్పడమే విడుదల మూల్యంగా నిర్ణయించారని చరిత్రకారులు రాశారు. పేదరికంతో అల్లాడుతున్న మదీనాలో, డబ్బుకు బదులు చదువును తీసుకున్న నిర్ణయమది.

బడి దాటిపోయిన పెద్ద పిల్లలకు ఓపెన్ స్కూల్ ద్వారా నేరుగా పదో తరగతి రాసే దారి ఉన్నది. ఆ ఫారాలు పట్టుకుని ఈ మధ్య తిరుపతిలో షెడ్ల వెంట తిరుగుతున్నాము. మొన్న ఒక యజమాని పదహారేళ్ల కుర్రవాడిని చూపించి, "సాయంత్రం వీడు పోతే బండ్లు ఎవరు కడుగుతారు సార్? మీరూ ఇట్లే పనిచేసి పైకొచ్చినోళ్లే కదా?" అన్నాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని, పెళ్లివారి గంగాళాల సంగతి, అబ్బాజాన్ కాలిన చేతి సంగతి అతనికి చెప్పాము. కొంతసేపు పానాతో బోల్టు బిగిస్తూ ఉండిపోయాడు. పరీక్షలయ్యేదాకా నాలుగింటికి వదులుతానన్నాడు. కూలి తగ్గించవద్దని అడిగితే, చూస్తానన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాము.