గల్ఫ్ ఒప్పందాల్లో మా పనోళ్లను మరువకండి

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి,

గల్ఫ్‌లో ఎవరు ఎవరితో సైనిక పొత్తు కట్టారన్నది సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఖానాపూర్‌లలో ఇంటి ముచ్చట. మా పిల్లలు అక్కడి కార్మిక క్యాంపుల్లో ఉన్నారు.

2015లో యెమెన్ మీదికి వెళ్లిన సౌదీ కూటమిలో యూఏఈ చేరింది. ఏడేళ్లకు, 2022 జనవరి 17న, ఆ కూటమితో పోరాడుతున్న యెమెన్ హౌతీలు అబుదాబిలోని ముసఫ్ఫా ఇంధన డిపో మీద దాడి చేశారు. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ఆ యుద్ధంతో వాళ్లకేం సంబంధం?

అమెరికా సేన అండగా ఉంటే తమ జోలికి ఎవరూ రారని ఖతార్ నమ్మింది. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు గురిపెట్టింది అక్కడి అమెరికా సైనిక స్థావరం అల్ ఉదైద్ మీదే. సెప్టెంబర్ 9న అమెరికాకే ఆప్తమిత్రమైన ఇజ్రాయెల్ దోహా మీద బాంబులు వేసింది. ఆ తర్వాత ఎనిమిది రోజులకు సౌదీ, పాకిస్తాన్ రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి మీద దాడి జరిగితే ఇద్దరి మీదా జరిగినట్టేనట. రేపు మనకూ పాకిస్తాన్‌కూ పోరు ముదిరితే రియాద్‌లో, దమ్మామ్‌లో ఉన్న మనవాళ్ల గతేమిటి? ఈ ప్రశ్నకు మీరే జవాబు చెప్పాలి.

ఏ కూటమిలోనూ చేరని మన విధానం సరైనదే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అందరితో మాట్లాడగలిగాం కాబట్టే అక్కడి నుంచి, ఎక్కువగా అమ్మాన్ మీదుగా, దాదాపు 1.70 లక్షల మందిని విమానాల్లో తెచ్చుకున్నాం. వాళ్లకు ఏళ్ల తరబడి ఆగాక ఐక్యరాజ్యసమితి కమిషన్ ద్వారా ఇరాక్ చమురు సొమ్ము నుంచి పరిహారం అందింది. ఇరాక్ ఓడింది, భద్రతామండలి ఒక్కమాట మీద నిలిచింది కాబట్టి అది సాధ్యమైంది. ఈసారి యుద్ధం వస్తే పరిహారం ఎవరు ఇస్తారు?

అంతకంటే పెద్ద భయం ఖల్లివెల్లి అయినవాళ్ల గురించి. కఫీల్‌ను (వీసా ఇచ్చిన యజమానిని) వదిలి, అకామా (నివాస అనుమతి) లేక, దొరికిన పని చేసుకుంటున్నవాళ్లు. విజిట్ వీసా మీద పోయి అక్కడే పనిలో కుదిరినవాళ్లకు మన ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్సూ లేదు, దానితో వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా కూడా లేదు. రాయబార కార్యాలయం తలుపు తట్టడానికే వాళ్లు జంకుతారు. విమానాలు సిద్ధమైనా వాళ్లను పిలవడానికి చేతిలో జాబితా ఉండదు.

2018లో ఒమన్‌తో మాట్లాడి దుఖ్మ్ రేవులో మన నౌకాదళానికి చోటు సంపాదించిన దేశం మనది. కూలీల కోసం కూడా అలాగే గట్టిగా అడగండి. యుద్ధం వస్తే యజమాని వెంటనే పాస్‌పోర్టు ఇచ్చేయాలి, ఎగ్జిట్ వీసా అడ్డు రాకూడదు, జీతం బాకీకి ఆ దేశ ప్రభుత్వమే పూచీపడాలి. గల్ఫ్ దేశాలతో ఇకపై చేసుకునే ప్రతి రక్షణ ఒప్పందంలోనూ ఈ మాటలు ఉండాలి. ఖల్లివెల్లి అయినవాళ్లు జరిమానా, జైలు భయం లేకుండా పేరు రాయించుకునే ఏర్పాటు చేయించండి. ఆ పేర్లు రాసుకునే చోట తెలుగులో మాట్లాడే మనిషిని కూర్చోబెట్టండి. ఈ పనులు శాంతి ఉన్న రోజుల్లోనే చేయాలి, వెంటనే మొదలుపెట్టండి.

ఇట్లు,
జగిత్యాల పౌరుడు