కార్లను పక్కన పెట్టిన రేవు

పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ హైస్పీడ్ రైలు ఎక్కిన దంపతులు సుమారు మూడు గంటల్లో ఫ్రాన్స్ రేవు పట్టణం లా రొషెల్‌లో దిగుతారు. టాక్సీ బేరాలతో పనిలేదు. పెట్టె లాక్కుంటూ పావుగంట నడిస్తే పాత రేవు.

రేవు ముఖద్వారానికి అటూ ఇటూ రెండు రాతి బురుజులు. ఒకప్పుడు వాటి మధ్య ఇనుప గొలుసు బిగించి ఓడలను ఆపేవారు. మెత్తటి నేల మీద కట్టిన సెయింట్ నికొలా బురుజు కాస్త ఒరిగి ఉంటుంది. ఫొటో చూడగానే భర్త ఫోన్ తిన్నగా పట్టుకోలేదని భార్య విసుక్కోవచ్చు. వాన పడినా బెంగలేదు, పాత వీధుల పొడవునా రాతి కమానుల వసారాలున్నాయి.

ఇలా హాయిగా నడిచే వీలు దానంతటదే రాలేదు. 1970లలో మేయర్ మిషెల్ క్రెపో నగరం నడిబొడ్డు వీధుల్లోంచి కార్లను తప్పించారు. 1976లో జనం వాడుకోవడానికి పసుపు సైకిళ్లు పెట్టారు. 1997 సెప్టెంబర్ 9న ఈ ఊరు ‘కారు లేని రోజు’ పాటించింది. కార్లు రాకపోతే కొట్లు మూతపడతాయన్న భయం ఎక్కడైనా ఉండేదే. ఇక్కడ ఆ వసారాల కిందే వ్యాపారం సాగుతోంది.

విశాఖ బీచ్ రోడ్డులోనూ పొద్దున్నే కాసేపు వాహనాలు ఆపుతారు. తర్వాత హారన్ల మోతే. ఆ వెసులుబాటును ఆదివారం సాయంత్రాలకూ పొడిగించాలి. రోజూ అడ్డుపెట్టే బారికేడ్లే అందుకు చాలు.