టీమ్ మారింది, వైఫై పాస్‌వర్డ్ మార్చారా?

ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ రూములకూ ప్రొడక్షన్ ఆఫీసులకూ నెట్‌వర్క్ పెట్టడం నా పని. ఇక్కడ ఆఫీసంటే చాలావరకు అద్దె ఫ్లాటే. హాల్లో కథాచర్చలు, ఒక గదిలో ఎడిటింగ్, ఇంకో గదిలో మేనేజర్ లెక్కలు. సినిమా అయిపోతే టీమ్ మారుతుంది, బయట బోర్డు మారుతుంది. గోడమీద రౌటర్, దాని పాస్‌వర్డ్ మాత్రం అలాగే ఉంటాయి. పాత సినిమాకి పనిచేసిన వాళ్లందరి ఫోన్లలోనూ అది సేవ్ అయి ఉంటుంది. మెట్ల దగ్గర నిలబడితే చాలు, దానంతటదే కనెక్ట్ అయిపోతుంది. వాళ్లెవరూ దొంగలు కారు. కానీ పక్క గదిలో ఎడిట్ అవుతున్న సినిమా ఉన్నదీ ఆ నెట్‌వర్క్ మీదే.

2013 సెప్టెంబర్‌లో ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా విడుదలకు ముందే బయటికొచ్చింది. అది వైఫైలోంచి పోలేదు, లోపల పనిచేసిన మనిషి కాపీ చేశాడని పోలీసులు తేల్చారు. అందుకే అంటున్నాను, లోపలివాళ్లు మారిన రోజే పాస్‌వర్డూ మారాలి.

ఎందుకు మార్చరంటే, అదే వైఫై మీదున్న సీసీ కెమెరా ఆగిపోతుందని భయం. ఆ భయం నిజమే. గేటు మీది కెమెరాని మళ్లీ కలపాలంటే నిచ్చెనెక్కాలి, పిన్నుతో రీసెట్ బటన్ నొక్కి పట్టుకోవాలి, ఫోన్లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ని లెన్స్ ముందు పెట్టి కదలకుండా నిలబడాలి. ఎర్ర లైటు వెలిగి ఆరుతూనే ఉంటుంది. “ఇప్పుడొచ్చేస్తుంది సార్” అంటాడు కెమెరా బిగించే కుర్రాడు. రాదు. ఇలాంటి కెమెరాలు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. ఇచ్చింది 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరైతే ఎంతసేపు నిలబడ్డా లాభం లేదు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి ఒక్కటే పెట్టి ఉంటే పాత కెమెరా అసలు ఒప్పుకోదు. టైం అయిపోతోందని కుర్రాడు పాస్‌వర్డే తీసేసి, నెట్‌వర్క్‌ని ఓపెన్ చేసి వెళ్లిపోతాడు. ఇది కళ్లారా చూశాను. అతణ్ణి అని లాభం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, 2.4 మీద, డబ్ల్యూపీఏ2తో, వేరే పేరు పెట్టి కెమెరాలనూ టీవీనీ దానిమీదికి మార్చండి. గోడలు దాటి గేటుదాకా సిగ్నల్ అందాలన్నా 5 కంటే 2.4 నయం. ఈ అపార్ట్‌మెంట్లలో ఫోన్ తెరిస్తే పక్క ఫ్లాట్ల వైఫై పేర్లే బారెడు కనిపిస్తాయి కాబట్టి ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. ఎడిటింగ్ మెషీన్లకు కేబులే వేయించండి. ఆ తర్వాత స్టాఫ్ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా నిచ్చెన ఎక్కక్కర్లేదు.

కెమెరా డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ కూడా ఉంచకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ 60కి పైగా అలాంటి పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించి, ప్రపంచమంతా లక్షల కెమెరాలనూ రౌటర్లనూ లొంగదీసుకుంది. జనం వచ్చిపోయే చోట్ల కెమెరాలు తప్పనిసరి చేస్తూ మనకు 2013లోనే చట్టం వచ్చింది. కానీ ఆ సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలుండాలన్న కేంద్రం నిబంధన 2025 ఏప్రిల్‌లో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందే గోడకెక్కిన వాటి సంగతి మనమే చూసుకోవాలి.

ప్రొడక్షన్ మేనేజర్లకు నా మనవి. కొత్త సినిమాకి కొబ్బరికాయ కొట్టే ముందురోజు ఒక్క పూట ఈ పనికి కేటాయించండి. అదీ కుదరకపోతే, మీ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనీసం ఇవాళే అడిగి తెలుసుకోండి.