పెరటి ముచ్చట్లు : గద్ద తిరిగే పెరడు

కోడిపిల్లలను గద్దల బారి నుండి కాపాడుకొనే ఉపాయం చెప్పవలసిందిగా మిడిల్ పాయింట్ సోదరీమణులు కొందరు మమ్ములను కోరారు. ఉపాయం చెప్పే ముందు, మన పెరటిపై తిరుగుతున్నది ఏ పక్షియో గుర్తించడం అవసరమని మా మనవి.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మన పోర్ట్ బ్లెయిర్ ఆకాశంలో తెల్లని తల, తెల్లని రొమ్ము, బూడిద రంగు రెక్కలతో కనిపించే పెద్ద పక్షి సముద్రపు గద్ద. దీని ప్రధానాహారం చేపలు, సముద్రపు పాములు. ఒళ్ళంతా ముదురు గోధుమ రంగు గల అండమాన్ పాముగద్ద ఈ దీవులలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. బల్లులు, కప్పలు, ఎలుకలు, పాములు దీని ఆహారం. చెట్ల గుబురులో నుండి రివ్వున దూసుకువచ్చి పిట్టలను, తొండలను పట్టే చిన్న డేగ బెస్రా. ఈ దీవుల పక్షులను ఎంతో శ్రమకోర్చి పరిశీలించిన హుమాయూన్ అబ్దులాలీ గారి పేరే ఇక్కడి బెస్రా ఉపజాతికి పెట్టడం విశేషం. వీటిలో ఏదైనా అరుదుగా కోడిపిల్లను తన్నుకుపోవచ్చు గాని, వాటి జీవనం మన కోళ్ళపై ఆధారపడినది కాదు.

ఒకప్పుడు మన పెద్దలు కూడా ఇదే విధంగా నేల ఇచ్చినది తిని బ్రతికినవారే. శ్రీకాకుళం జిల్లా నుండి ఈ దీవులకు తరలివచ్చిన కుటుంబాలలో ఆ జ్ఞాపకాలు నేటికీ సజీవంగా ఉన్నాయి. వేసవిలో ముంజెలు, ఈతపళ్ళు, చలికాలంలో తేగలు, వానలు పడగానే గట్ల మీద పొన్నగంటి కూర, పుట్టగొడుగులు, పొలంలో పీతలు - వీటికి అంగడితో పని లేదు. జపాను ఆక్రమణ కాలంలో (1942-45) ఈ దీవులలో తిండికి కటకట ఏర్పడినప్పుడు జనాన్ని ఆదుకున్నది కూడా దుంపలు, ఆకుకూరలే. మా ఇంటి పెద్దమ్మగారు గద్ద నీడ కనబడగానే పిల్లలను గంప కింద మూసేవారే కాని, దానిపై రాయి విసరనిచ్చేవారు కారు. "ఎలుకలను తినిపెట్టే చుట్టాన్ని కొడతారా?" అని మందలించేవారు.

ఆ చుట్టానికి నేడు వచ్చిన ముప్పు రాయి కాదు, ఎలుకల మందు. మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. సులభంగా చిక్కిన అట్టి ఎలుకను తిన్న పక్షి శరీరంలోనికి ఆ విషమే చేరుతుంది. పూర్వం మన ఊళ్ళలో పశువుల కళేబరాలపై గుంపులుగా వాలిన రాబందులు ఏమైపోయాయి? పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటి మూత్రపిండాలను పాడుచేసిందని 2004లో వెల్లడైంది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించేనాటికే నూటికి తొంభైకి పైగా రాబందులు నశించాయి.

కనుక సోదరీమణులకు మా సలహా ఇది. పిల్లల కోడిని వలగాని, గంపగాని కప్పిన చోట ఉంచండి. ఎలుకలకు మందు మాని బోను పెట్టండి. పెరటి ఆకుకూరలపై పురుగు మందు చల్లకండి. అవి మీ పిల్లల పళ్ళెంలోకి వచ్చేవే కదా! నేల ఇచ్చినది తినడమంటే ఉడుమును, సముద్రపు తాబేలును కూడా తినవచ్చునని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటినిగాని, గద్దలనుగాని చంపడం నేరం.

వచ్చే ఆదివారం పిల్లలతో కలసి అరగంట సేపు పెరటిలో కూర్చొని, తల పైకెత్తి చూడండి. కనిపించిన పక్షి రంగు, పరిమాణం, అరుపు వ్రాసి మాకు పంపండి. మీ ఇంటి పెద్దలు చిన్ననాట ఏరుకొని తిన్న కూరల పేర్లు, వండే విధానం కూడా జతపరిస్తే రాబోయే సంచికలలో సంతోషంగా ప్రచురిస్తాము.