గుండె శాతం సరే, నడక ఎంత?

తెలంగాణలోని అయిజ, గద్వాల ప్రాంతంలో గుండె జబ్బు మనిషిని పలకరించడానికి ఎవరైనా వెళ్తే మొదట వినిపించేది ఒక అంకె. "ముప్పై శాతమే పనిచేస్తుందంట" అంటారు ఇంట్లోవాళ్లు గొంతు తగ్గించి. ఎకో పరీక్ష కాగితం మీద డాక్టరు సున్నా చుట్టి ఇచ్చిన అంకె అది. ఆ రోజు నుంచి ఆ మనిషి పొలం పోవద్దు, మెట్లు ఎక్కొద్దు, బిందె ఎత్తొద్దు, తిక్కవీరేశ్వరస్వామి జాతరకు అసలే వద్దు. అందరూ ప్రేమతోనే అంటారు. కొన్ని నెలలు గడిచేసరికి మంచం దిగి వాకిట్లోకి రావాలన్నా ఇంకొకరి భుజం కావాల్సి వస్తుంది. అప్పుడు తప్పు గుండె మీదికి పోతుంది.

గుండె ఎడమ గది నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎంత భాగాన్ని ఒక్కో స్పందనకు బయటికి నెడుతోందన్నదే ఆ శాతం. నిక్షేపంగా ఉన్న గుండె కూడా నూరు శాతం నెట్టదు. 55 నుంచి 70 దాకా ఉంటే మామూలే. అంటే ముప్పై అన్నప్పుడు గుండెలో డెబ్బై పాళ్లు చచ్చిపోయిందని కాదు. ఈ ముక్క చెప్పడానికి ఓపీలో ఒక నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషమే దొరకదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ శాతానికీ, మనిషి చేయగలిగే పనికీ పొంతన చాలా తక్కువ. పాతిక శాతం ఉన్నాయన నెమ్మదిగా ఊరి చివరిదాకా నడిచి రావచ్చు. అరవై శాతం ఉన్న పెద్దావిడ స్నానం చేసి వచ్చేసరికి దమ్ము పట్టి కూలబడొచ్చు. గుండె కండరం గట్టిపడి, సరిగా సడలక, రక్తం నింపుకోలేకపోయినా అది గుండె వైఫల్యమే. బీపీ, షుగరు, ఊబకాయం ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వీళ్ల ఎకో చూసి "గుండె బాగానే ఉందమ్మా" అని గ్యాస్ మాత్రలిచ్చి పంపడం మనకు కొత్తేమీ కాదు.

గుండె వైఫల్యంతో బతికే మనిషిని మన వైద్యం కాగితం మీద కొలుస్తోంది. కొలవాల్సింది వరండాలో.

ఇది ముసలివాళ్ల జబ్బు మాత్రమే అనుకునేవాళ్లకు ఒక లెక్క. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశవ్యాప్తంగా 53 ఆసుపత్రులు కలిసి గుండె వైఫల్యంతో చేరిన 10 వేలమందికి పైగా రోగుల వివరాలు నమోదు చేశాయి. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన డాక్టర్ హరికృష్ణన్ ఈ పనికి ముందు నిలిచారు. రోగుల సగటు వయసు 60 దగ్గర తేలింది. అమెరికా, యూరప్ రోగులకంటే దాదాపు పదేళ్లు చిన్న. నూటికి 70 మందికి పైగా అసలు కారణం గుండె రక్తనాళాలు పూడుకుపోవడం. మూడు నెలలు తిరిగేసరికి నూటికి 14 మంది కన్నుమూశారు. అంతకంటే ముందు, 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో భారత రోగుల్లో ఏడాదిలోపు చనిపోయినవారు నూటికి 23 మంది. చైనాలో అది 7.

బతికినవాళ్ల సంగతేమిటని ఈ లెక్కలు చూసినవాళ్లు తక్కువగా అడుగుతారు. అడగాల్సిన చోటు అయిజ లాంటిదే.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో పేదలకు ఉచిత వైద్యం అందించే రాజీవ్ ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అయిజ అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోదే. 2016లో కదా గద్వాల జిల్లా అయింది. అంటే స్టెంటు, బైపాస్ అన్న మాటలు పేదల ఇళ్లలోకి మొట్టమొదట వచ్చిన నేలల్లో ఇదొకటి. ఆ పథకం ఎంతోమంది ప్రాణం నిలబెట్టింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. 2023 డిసెంబరులో తెలంగాణ దాని చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది కూడా. అయితే అది ఆపరేషన్ చుట్టూ అల్లిన పథకం. గుండెపోటు నుంచి బయటపడ్డ గుండెల్లో కొన్ని ఏళ్లు గడిచాక అలసిపోతాయి. కాళ్లకు నీరు పడుతుంది, పడుకుంటే దమ్ము ఆడదు, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఈ దశలో కోసి కుట్టేదేమీ లేదు. కావాల్సింది మందుల సవరింపు, బరువు మీద కన్ను, ఉప్పు తగ్గించడం, పద్ధతిగా నేర్పే నడక. వీటికి ప్యాకేజీ ధర కట్టడం కష్టం. అందుకే ఇవి ఎవరి పనీ కాకుండా పోయాయి.

ఈ ప్రాంతంలో శరీరం చేసే పని ఎలాంటిదో కూడా చూడాలి. గద్వాల, అయిజ పొలాల్లో సీడ్ పత్తి పెద్ద పంట. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి భాగం తీసేయడం, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దడం, ఒక్కో పువ్వుకూ చేత్తోనే. గంటల తరబడి నిలబడి, వంగి చేసే ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. అరవై ఏళ్లకు వారి సంపాదన ఆగిపోదు. ఇక్కడ గుండె వైఫల్యం వచ్చిందంటే పెన్షన్ తీసుకుంటూ విశ్రాంతి తీసుకునే మనిషి ఎదురుగా లేడన్నమాట. ఆ చేతులు ఆగితే ఇంటి లెక్క తలకిందులవుతుంది. డాక్టరు "పని మానేయండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే, మిగతా జీవితాన్ని ఎలా నడపాలో చెప్పే బాధ్యత ఎవరిది?

విశ్రాంతే మందు అనుకోవడం మన పల్లెల అమాయకత్వం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పెద్ద పెద్ద వైద్య గ్రంథాలూ అదే చెప్పాయి. 1990లో ఆండ్రూ కోట్స్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. రోగులు 11 మందే. ఇంట్లో సైకిల్ యంత్రం తొక్కించారు, 8 వారాలు. గుండె చెడిపోకపోగా వాళ్ల శక్తి పెరిగింది, ఆయాసం తగ్గింది. కారణం తర్వాత తర్వాత స్పష్టపడింది. ఈ రోగుల్లో అలసటకు గుండె ఒక్కటే కారణం కాదు, కాళ్ల కండలు కరిగిపోవడం, రక్తనాళాలు బిగుసుకుపోవడం కూడా అంతే కారణం. మంచం పట్టిస్తే కరిగేది ఆ కండే.

ఆ తర్వాత పెద్ద పరీక్షే జరిగింది. 2009లో ఫలితాలు వెలువడిన హెచ్ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో 2,331 మంది పాల్గొన్నారు. నిజం చెప్పుకోవాలంటే, వ్యాయామం వల్ల మరణాలు, ఆసుపత్రి చేరికలు ఆశించినంత తగ్గలేదు. కానీ వ్యాయామం ప్రమాదం కాదని తేలింది, జీవన నాణ్యత కొంతైనా మెరుగై, నిలిచింది. 2021లో రీహాబ్-హెచ్ఎఫ్ మరింత ముందుకు వెళ్లి, 60 దాటి ఆసుపత్రిలో చేరిన 349 మంది వృద్ధులను ఎంచుకుంది. వాళ్లలో దాదాపు అందరూ బలహీనులే. నిలబడి తూలకుండా ఉండటం, కుర్చీలోంచి లేవడం, నాలుగు మీటర్లు నడవడం, ఇవే అక్కడ కొలతలు. మూడు నెలలకు, కసరత్తు చేసినవారి శరీర సామర్థ్యం మామూలు వైద్యమే అందినవారికంటే స్పష్టంగా మెరుగైంది. మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి దండగ అనే లెక్కల మనుషులు ఉంటారు. తన కాళ్ల మీద తాను దొడ్డికి వెళ్లి రాగలగడం విలువ ఎంతో వాళ్లు ఒకసారి మంచాన పడ్డవారిని అడగాలి.

జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచంలో రెండు ప్రశ్నావళులు బాగా వాడుకలో ఉన్నాయి. మిన్నెసోటా ప్రశ్నావళిలో 21 ప్రశ్నలు. కాళ్ల వాపు, నిద్ర దగ్గర నుంచి ఇష్టమైన తిండి తగ్గించుకోవాల్సి వచ్చిందా, కుటుంబానికి భారమనిపిస్తోందా, డబ్బు ఖర్చయిందా, దాంపత్య జీవితం ఇబ్బందయిందా అనేదాకా అడుగుతుంది. మన ఓపీల్లో ఇందులో ఎన్ని అడుగుతారో చెప్పనక్కర్లేదు. రెండోది కాన్సస్ సిటీ ప్రశ్నావళి. ఇందులో తోటపని, సరుకుల సంచి మోయడం, ఒక అంతస్తు మెట్లు ఎక్కడం లాంటి పనులు వస్తాయి. అయిజకు ఆ జాబితాను అట్లాగే దింపితే కుదరదు. జొన్నరొట్టె తట్టేటప్పుడు ఆయాసం వస్తోందా, బోరింగు నుంచి బిందె తేగలరా, గొంతుక్కూర్చుని లేవగలరా, బస్టాండు నుంచి ఇంటిదాకా ఎన్నిసార్లు ఆగుతున్నారు, ఇవి అడగాలి. ఇవి అలంకారానికి అడిగే ప్రశ్నలు కావు. 40 దేశాల్లో 23 వేలమందికి పైగా రోగులను గమనించిన జి-సీహెచ్ఎఫ్ అధ్యయనం, 2021లో, కాన్సస్ సిటీ ప్రశ్నావళి జవాబుల్లో తక్కువ మార్కులు వచ్చినవాళ్లే త్వరగా చనిపోతున్నారని చూపింది. రోగి తన బతుకు గురించి చెప్పే మాట ఎకో అంత పనికొచ్చే పరీక్షే.

ఆ మాట వింటే బయటపడే సంగతులు వేరు. నీరు తీసే మాత్ర వేసుకుంటే గంటకోసారి లేవాలి. గద్వాల బస్సులోనో, చేను మధ్యలోనో ఉన్న ఆడమనిషి ఎక్కడికి పోతుంది? అందుకని ఆ రోజు మాత్ర మింగదు. రెండు రోజులు మింగకపోతే కాళ్లు ఉబ్బుతాయి. చీటీ మీద మాత్ర ఉంటుంది, ఒంట్లో ఉండదు. ప్రయాణం ఉన్ననాడు ఇంటికి చేరాక వేసుకోవచ్చా అని డాక్టరును అడిగి వేళ మార్చుకుంటే తీరే సమస్య ఇది. ఉప్పు సంగతీ అంతే. రొట్టెలోకి ఊరగాయో, ఉప్పూకారం దట్టించిన పొడో లేకపోతే ముద్ద దిగని చోట "ఉప్పు తగ్గించండి" అంటే సరిపోదు, ఏది మానాలో, బదులు ఏది తినొచ్చో ఇంటావిడకే చెప్పాలి. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే నీరు చేరుతున్నట్టు లెక్క. ఇంట్లో బరువు యంత్రం ఉండదు గానీ ఊళ్లో ఎక్కడో ఒక కాటా ఉంటుంది.

మందుల వైపు మాత్రం రోజులు మెరుగయ్యాయి. షుగరు కోసం పుట్టి గుండె వైఫల్యానికీ పనికొచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో తీరింది, ధర దిగింది. ఆయాసం తగ్గించి నడకను సుఖం చేయగల మందు ఇప్పుడు కూలి మనిషికి అందని ధరలో లేదు. అందాల్సింది దాన్ని క్రమం తప్పకుండా రాసి, చూసే చేయి.

ఆ చేయి కోసం హైదరాబాదు దాకా చూడక్కర్లేదు. వనపర్తి, నాగర్‌కర్నూలుకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆరు నిమిషాల నడక పరీక్షకు కావాల్సింది 30 మీటర్ల వరండా, ఒక గడియారం, మధ్యలో ఆగి కూర్చోవడానికి కుర్చీ. ఆరు నిమిషాల్లో 300 మీటర్లు దాటలేని మనిషికి ప్రమాదం ఎక్కువని తెలుస్తుంది. ఆ అంకె మూడు నెలలకు పెరిగితే వైద్యం పనిచేస్తోందని రోగికే కనబడుతుంది. నడక నేర్పడానికి రోగులను వారానికి మూడుసార్లు గద్వాలకు రప్పించనవసరం లేదు. బ్రిటన్‌లో రీచ్-హెచ్ఎఫ్ అనే కార్యక్రమం శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేత, ఒక పుస్తకంతో, ఇంట్లోవాళ్లను కూడా కలుపుకుని 12 వారాలు ఇంటివద్దే నడిపింది. 2018లో వచ్చిన ఫలితాల్లో జీవన నాణ్యత మెరుగైంది. మన దగ్గర బీపీ, షుగరు చూడటానికి గడప గడపకూ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. అలవికాని భారం వాళ్ల నెత్తిన ఇప్పటికే ఉంది కాబట్టి ఈ పనికి అదనపు పారితోషికం, ఫిజియోథెరపిస్టు దన్ను ఇవ్వకుండా అప్పగించడం మాత్రం తగదు.

ఒక హెచ్చరిక ఉండాలి. కూర్చున్నా దమ్ము వస్తున్నవారు, బరువు పెరుగుతున్నవారు, ఛాతీ నొప్పి ఉన్నవారు నడక మొదలుపెట్టకూడదు, ముందు డాక్టరు దగ్గరికి పోవాలి. మిగతావారు డాక్టరు సరే అన్నాక పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగేంత వేగంతో, రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు.

గద్వాల జనరల్ ఆసుపత్రి వారానికి ఒక పూట గుండె వైఫల్యం రోగులకే కేటాయించి, ఒక ఫిజియోథెరపిస్టును, ఒక నర్సును ఆ పూట వరండాలో ఉంచాలి. ప్రతి రోగి చీటీ మీద గుండె శాతం పక్కనే ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచాడో రాయాలి. జిల్లా వైద్యాధికారులు, వైద్య కళాశాల పెద్దలు దీన్ని వచ్చే బడ్జెట్ దాకా వాయిదా వేయనక్కర్లేదు, దీనికి కొత్త యంత్రం ఒక్కటీ కొనే పని లేదు.