సాస్ గొప్పదా, పచ్చడి గొప్పదా: ఒక పనికిమాలిన తగాదా

తిండి గురించి రాసేవాళ్ళలో ఈమధ్య రెండు ముఠాలు కనిపిస్తున్నాయి. మొదటి ముఠాకి ఇటలీ టమోటా సాస్ ఒక కళ, మన టమోటా పచ్చడి ఉత్త కారం. రెండో ముఠాకి మన పచ్చడి వేల ఏళ్ళ సంస్కృతి, ఆ సాసులన్నీ చప్పిడి జావలు. రాప్తాడులో పుట్టి, బెంగళూరులో కోడు రాసుకుని బతుకుతున్న నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ముందు మొదటి ముఠా సంగతి. 1690ల్లో నేపుల్స్‌లో ఆంటోనియో లాటినీ అచ్చువేసిన వంటల పుస్తకంలో ఒక టమోటా సాస్ ఉంది. ఇటలీలో అచ్చెక్కిన తొలి టమోటా సాస్ అదేనని చెప్తారు. చేసే పద్ధతి ఇది: టమోటాలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, సన్నగా తరగాలి. ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు, నూనె, కాస్త వెనిగర్ కలపాలి. వెనిగర్ బదులు చింతపండు వేసి చూడండి, మా అమ్మ చేసే కాల్చిన టమోటా పచ్చడే! పైగా ఆయన దాన్ని స్పెయిన్ పద్ధతి అన్నాడు. అంటే ఇది పక్కింటి వంటేనని ఒప్పుకునే రాశాడు. పాస్తాతో టమోటాకి పెళ్ళి కుదిరింది ఇంకో వందేళ్ళకి గానీ కాదు.

ఇక రెండో ముఠా. మా అనంతపురం వైపు ఊరుబిండి తెలుసు కదా. శెనక్కాయలు, టమోటా, మిరపకాయ వేసి దంచుతాం. ఆ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. దాంతో తినే సంగట్లో రాగి ఆఫ్రికాది. పోనీ రోలైనా మనదే అందామంటే, మెక్సికోవాళ్ళు కూడా సల్సాని రాతి రోట్లోనే నూరేవాళ్ళు. వేల ఏళ్ళ సంస్కృతిలో మన వాటాకి మిగిలింది దంచే చెయ్యి ఒక్కటే. అది చాలు, దానికి సిగ్గెందుకు?

సాహిత్యం చదివే అలవాటు కొద్దీ నాకు తోచిన పోలికలు చెప్తాను. సల్సా ఆశుకవిత: అప్పటికప్పుడు బాగుంటుంది, రేపటికి నీరుగారిపోతుంది. ఇటలీ మారినారా మంచి చిన్నకథ: నాలుగే పాత్రలు, ఎవరూ గొంతు పెంచరు. కెచప్ వారపత్రిక సీరియల్: ఏ వారం తెరిచినా అదే తీపి, అదే పులుపు. మన నిల్వ పచ్చడి ప్రబంధం: మెంతులు, ఆవాలు, ఇంగువ, తాలింపు, అన్నీ అలంకారాలే. ఏడాదైనా చెడదు, అలాగని నాలుగు ముద్దలకి మించి సాగదు.

నవ్వుకున్నాం, బాగానే ఉంది. కానీ ఈ తగాదాలో రెండు ముఠాలూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది. అసలు సాస్ ఎందుకు పుట్టింది? రుచి కోసం మాత్రమే కాదు, టమోటా ఆగదు కాబట్టి. మా వృత్తిలో దీన్ని బఫర్ అంటాం. సరుకు ఒక్కసారిగా వచ్చిపడుతుంది, వాడేవాడు కొంచెం కొంచెంగా వాడతాడు. మధ్యలో కాసేపు ఆపే చోటు లేకపోతే వచ్చింది వచ్చినట్టే పారబోయాలి. సీసాలో కెచప్, డబ్బాలో గుజ్జు, జాడీలో పచ్చడి, మూడూ ఆపే చోట్లే.

మా ఊరికి దగ్గర్లోనే కక్కలపల్లి టమోటా మార్కెట్. బోరు నీళ్ళు బొట్టుబొట్టుగా లెక్కపెట్టి పండించిన కాయ అక్కడికి పోతుంది. ధర పడిపోయిన ఒకరోజు మా చిన్నాయన అక్కడి నుంచి ఫోన్ చేసి అన్నాడు: “పెట్టె బాడుగ గూడా రాలేదప్పా. ఇంటికి తెచ్చేకి మళ్ళా ఆటోకి దుడ్లు గావల్ల. ఆడే పారబోసి వచ్చినా.” అదే టమోటా 2023 జూలై చివర్లో మదనపల్లెలో కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. ఆ నెల కెచప్ సీసా ధర పది రెట్లు కాలేదు. చిన్నాయన పారబోసిన రోజున అది పదో వంతుకీ పడలేదు. బఫర్ ఉన్నవాడికి రెండు రోజులూ ఒకటే.

“అయితే మీ ఊళ్ళో పచ్చళ్ళు పెట్టుకోవచ్చుగా?” అంటారు. మా అమ్మ జాడీలో పట్టేది పది కిలోలు, చేలో కాసేది టన్నుల్లో. కిలో పేస్టుకి సుమారు ఆరు కిలోల టమోటా కావాలి. కూరలోకి అమ్మే రకాల్లో గుజ్జు తక్కువ, నీళ్ళెక్కువ. ఫ్యాక్టరీకి గుజ్జెక్కువ ఉన్న రకం ముందే నాటాలి, నాటకముందే ధర ఒప్పందం కుదరాలి. 2018 కేంద్ర బడ్జెట్లో టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. చిన్నాయన టమోటా పారబోసింది ఆ తర్వాతే.

నేపుల్స్ దగ్గర పండే సాన్ మార్జానో టమోటాకి 1996 నుంచి యూరప్‌లో చట్టం రక్షించే పేరుంది. ఆ పేరు వేసి, డబ్బాలో మూసి, మన సూపర్ మార్కెట్‌కి పంపిస్తున్నారు. వాళ్ళ నాలుక మనకన్నా గొప్పదని కాదు. వాళ్ళ టమోటాకి ఆగే చోటుంది.

కాబట్టి రెండు ముఠాల పెద్దలకీ ఒక విన్నపం. ఈసారి టమోటా మీద వ్యాసం రాసేముందు ధర లేని రోజు చూసుకుని కక్కలపల్లి రండి. రోడ్డు పక్కన ఎర్రగా పారబోసి ఉంటుంది. అది సాసో పచ్చడో అక్కడ నిలబడి తేల్చండి.