యాత్రికులూ, మేమూ

2027లో గోదావరికి పుష్కరాలు. ఈ సంగతి చెవిని పడ్డప్పటినుంచి మా అంకిసలోనూ సిరొంచలోనూ నలుగురు కూడిన చోటల్లా ఒకటే ప్రసంగం. పూటకూళ్ళు పెడదామని కొందరు, వున్న యింటిమీద రెండు గదులు వేసి యాత్రికులకు అద్దెకిద్దామని కొందరు అంటున్నారు. కుర్రవాళ్ళయితే సిరొంచలో ఒక వీధిని యెంచి, దానికి తెలుగు వీధి అని పేరుపెట్టి బోర్డులు కట్టాలంటున్నారు. ఈ ఆలోచన యెక్కడిదయ్యా అంటే, లండనుదన్నారు. ఫోనులో చూశారట. అంతదూరంనుంచి వచ్చినదాన్ని గుమ్మంలోనుంచే పంపెయ్యడం మర్యాద కాదు గనుక, యీ నెల దాని సంగతే చూద్దామనుకున్నాము.

తూర్పు లండనులో బ్రిక్ లేన్ అనే వీధి వున్నది. ఇప్పటి బంగ్లాదేశులోని సిల్హెట్ జిల్లావాళ్ళు మొదట ఓడల్లో కూలీలుగానూ, తరువాత బట్టలు కుట్టే కార్ఖానాలలో పనికిగానూ వెళ్ళి ఆ చుట్టుపక్కల స్థిరపడ్డారు. కార్ఖానాలు మూతబడుతూవుంటే వంటను నమ్ముకున్నారు. హోటలు పెట్టినవాడు బంగాళీయే అయినా బోర్డుమీద మాత్రం ‘ఇండియా భోజనం’ అని వుండేది. తినవచ్చినవాడికి యే పేరు నోరు తిరిగితే ఆ పేరే పెట్టాలి గదా! పోనుపోను ఆ వీధే ఒక చూడవలసిన వింత అయింది. పేటకు బంగ్లాటౌన్ అన్న పేరు అధికారికంగా చేరింది. వీధి పేర్లు బంగాళీ లిపిలో కూడా రాశారు. 2022లో దగ్గరలోని వైట్‌చాపెల్ రైలు స్టేషనుకు బంగాళీలో బోర్డు పెట్టారు.

మన కుర్రవాళ్ళు చూసింది యింతవరకే. తరువాతి సంగతి యేమిటంటే, 2000 దశాబ్దం నడుమ అరవై దాకా వున్న ఆ వీధి హోటళ్ళు 2020 నాటికి యిరవైమూడు అయినాయి. వీధికి పేరు వచ్చేసరికి అద్దెలు పెరిగాయి. వంటవాళ్ళను స్వదేశంనుంచి రప్పించడం కష్టమైంది. తండ్రి పొయ్యిదగ్గర మాడిన మాట చూసిన పిల్లలు వేరే వుద్యోగాలు చూసుకున్నారు. అందులో తప్పేమీ లేదు, మా పిల్లలూ అదే చేస్తారు. ఆ వీధిలోనే ఒక ప్రార్థనాలయం వున్నది. 1743లో ఫ్రాన్సునుంచి తరిమివేయబడ్డ క్రైస్తవులు దాన్ని కట్టుకున్నారు. 1898లో అది యూదులదైంది. 1976నుంచి మసీదు. గోడలు అవే, లోపలివాళ్ళు మారారు.

ఇక మన సంగతి. ఆవలి గట్టునుంచి వచ్చినవాళ్ళు మాతో రెండుమాటలు ఆడి, “అన్నా, మీకు తెలుగు మంచిగొస్తది, యెక్కడ నేర్చుకున్నరు?” అంటారు. పాఠకులలో యీ ప్రశ్న వినని వారుండరు. 1860లో నిజాము యీ తాలూకాలను ఇంగ్లీషువారికి వదిలినప్పుడు సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. 1874లో ఆ జిల్లాను యెత్తివేసి భద్రాచలాన్ని మద్రాసువైపూ, సిరొంచను చాందా జిల్లాలోనూ కలిపారు. పిమ్మట 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. ఇన్ని బదిలీలూ కాగితం మీద జరిగాయి, మనుషులు కదలలేదు. నిజమే, సేద్యానికీ వ్యాపారానికీ యేరు దాటి వచ్చినవాళ్ళూ వున్నారు. మా తాతగారు ఆ కోవలోవారే. కాని లండను బంగాళీ వలసవాడైనట్టు మనం వలసవాళ్ళం కాము.

చూడవచ్చేవాళ్ళు మనకు కొత్తకాదు. 2010లోనూ, 2022 ఏప్రిల్‌లోనూ ప్రాణహిత పుష్కరాలకు జనం వచ్చారు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు కాళేశ్వరంలో జరిగాయి. అక్కడ ఒకే పానవట్టంమీద రెండు లింగాలు వుండడం వల్ల భక్తులు యెప్పుడూ వుంటారు. వాళ్ళు దర్శనం చేసుకుని చాలావరకు ఆ గట్టునుంచే వెళ్ళిపోతారు. 2019 జూన్‌లో మేడిగడ్డ బరాజు ప్రారంభమైనప్పుడు జనం బళ్ళు కట్టుకుని దాన్ని చూడవచ్చారు. యెనభైఅయిదు తలుపుల ఆ ఆనకట్ట రెండోకొస మనవైపు పోచంపల్లి దగ్గర ఆనుతుంది. వింత చూసినవాళ్ళు ఆ గట్టున వుంటే, వెనుకకు యెగదన్నిన నీటిలో పంట మునిగిందని మొరపెట్టుకున్నవాళ్ళు యీ గట్టున వున్నారు. 2023 అక్టోబరులో స్తంభాలు కుంగాక చూపరుల మాట అటుంచి, ఆనకట్ట మాటే ప్రశ్న అయింది.

అందుచేత మా అభిప్రాయం యిది. పూటకూళ్ళు పెట్టండి, వాకిట్లో మంచాలు వెయ్యండి. గదులకోసం బ్యాంకు అప్పుకు మాత్రం పోవద్దు. పుష్కరం పన్నెండు రోజులు, అప్పు యేళ్ళ తరబడి. గుమాస్తాగిరీ చేసినవాళ్ళం గనుక వడ్డీ లెక్క మాకు కాస్త తెలుసు. మన ప్రాణహిత పుష్కరాలు మళ్ళీ 2034లోగాని రావు.

బోర్డుల విషయంలో మాకు వేరే సందేహం వుంది. తెలుగు బోర్డును వచ్చినవాడు చదువుతాడు, సంతోషిస్తాడు, దానికింద ఫోటో తీయించుకుంటాడు. దాన్ని చదవలేనివాళ్ళు మన యింట్లోనే వున్నారు. తెలుగులో దెబ్బలాడతారు, తెలుగులో అన్నం అడుగుతారు, బళ్ళో మరాఠీ చదువుతారు. మరాఠీ రావలసిందే, అన్నం పెట్టేది అది. కాని ఈ పత్రికను తాతగారు పైకి చదివితే విని నవ్వే మనుమలు యెంతమంది తమంతట తాము చదవగలరో, పాఠకులు యెవరి యింట్లో వారు లెక్కపెట్టుకోవచ్చు. బోర్డు రాయించే ఖర్చుకు యిరవై పెద్దబాలశిక్షలు వస్తాయి.

ఇక వచ్చినవాళ్ళకు యేం చూపాలంటారా? సోమ్నూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసేచోటు వుంది. వడదం దగ్గర శిలాజాల పార్కు వుంది. పోచంపల్లి పొలాల్లో 1960 ప్రాంతంలో కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటువారు తవ్వి తీసిన రాక్షసబల్లి కథ వుంది. తొడయెముకే మనిషి పొడుగు. రవీంద్రుని శతజయంతి దినాలు గనుక ఆయన పేరు కలిపి బరపాసారస్ టాగోరై అన్నారు. బర పా అంటే పెద్దకాలు. యెముకలు కలకత్తాలో వున్నాయి, తవ్విన చోటు మనదగ్గర వుంది. దాన్ని పిల్లలకు తెలుగులో చెప్పగలిగినవాడు వుంటే పట్నంనుంచి వచ్చిన పిల్లవాడు ఒకపూట ఆగుతాడు. మన పిల్లవాడికీ తన వూరు తెలుస్తుంది.

భోజనం పెట్టదలచినవారూ, సాయంత్రాలు పిల్లలకు అక్షరాలు చెప్పదలచినవారూ పేర్లు కార్యదర్శిగారికి యిస్తే బాగుంటుంది. భోజనం ధర మాత్రం అందరూ కూర్చుని ముందే తేల్చుకోవాలి. 2022లో మా వీధిలో ఒకే పప్పు, ఒకే చారు, ఒక యింట్లో యెనభై రూపాయలు, పక్కయింట్లో నూటయాభై. యాత్రికులు రెండిళ్ళ అరుగులమీదా కూర్చున్నారు మరి.